కీపింగ్ గ్లోవ్స్ అమ్మకం

ఆ రోజులకు కర్నూలులో ఉద్యోగం చేసే ప్రతివాడి మణికట్టుకూ కంపెనీవాళ్ల ఆరోగ్యపు పట్టీ వచ్చేసింది. ఒంటికి ఎక్కడ దెబ్బ తగిలినా అది ఆఫీసుకు చెప్పేస్తుంది. ఆదివారం క్రికెట్‌లో వికెట్ల వెనక పక్షిలా ఎగిరే చెన్నకేశవకు ఆ దెబ్బల వల్లే ప్రమోషన్ ఆగిపోయింది. ప్రాణంగా చూసుకున్న ఆట మానేశాడు. జట్టువాళ్లకు మాత్రం మోకాలు అరిగిపోయిందని అబద్ధం చెప్పి, గ్లోవ్స్, ప్యాడ్లు అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి కెప్టెన్ ఖాదరే వచ్చాడు. ఆటో నడుపుకునే ఆయన చేతికి ఏ పట్టీ లేదు. అడిగినంత ఇచ్చి, గ్లోవ్స్ పక్కన పెట్టి, జేబులోంచి తైలం సీసా తీశాడు.

"మా అమ్మ కాచిందిలే. యా మోకాలు కేశవా?"

ఆ మాట అడుగుతాడని చెన్నకేశవ అనుకోలేదు. తడబడి, "కుడిదన్నా" అన్నాడు.

ఖాదర్ నేలమీద కూర్చుని, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని మర్దన మొదలుపెట్టాడు. "ఇన్నేండ్లు మాకోసం దూకినావు. అరగదా మరి!"

సిగ్గుతో తల దించుకుందామన్నా చెన్నకేశవకు వీల్లేదు. కింద ఖాదర్ ముఖమే ఉంది. "చాలన్నా" అంటూ కాలు లాక్కోబోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓర్చుకోబ్బా, నొప్పి ఉంటాది" అన్నాడు ఖాదర్, ఇంకా మెత్తగా రుద్దుతూ.