శనివారం దాకా

“ఈ కరక్ టీ కప్పులు ఎవరివి?” కారు సీటు కింద దొరికిన పదకొండు కాగితం కప్పుల్నీ మరియకుమారి బల్లమీద పెట్టింది. దుబాయ్ పక్కన అజ్మాన్‌లోని ఇంటికి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది; నర్సు యూనిఫారం ఇంకా మార్చుకోలేదు.

సోమవారం కుటుంబ ప్రార్థనకని కూర్చున్న ఆమె భర్త ప్రభుకిరణ్ తల దించుకున్నాడు. వాళ్లు మార్మన్ శాఖ క్రైస్తవులు. వాళ్లకి టీ తాగడం పాపం.

“నేనే తాగానమ్మా,” అంది ఏడేళ్ల కూతురు హెప్సీబా.

“అన్నీ నువ్వే తాగావా?”

“ఆఁ.”

“శనివారం బాప్తిస్మం పెట్టుకుని అబద్ధాలా? ఎవరు నేర్పారే నీకు?”

హెప్సీబా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “చర్చిలో మా క్లాసు ఆంటీ చెప్పింది. ఎనిమిదేళ్లు నిండి బాప్తిస్మం తీసుకునేదాకా పిల్లలు ఏం చేసినా దేవుడు పాపం కింద రాసుకోడంట. నాన్నకైతే రాసేసుకుంటాడు కదా. అందుకే నావన్నాను.”

మరియకుమారి కప్పుల మీంచి చూపు భర్త వైపు తిప్పింది.

హెప్సీబా తండ్రి దగ్గరకు జరిగి మెల్లగా అడిగింది. “నాన్నా, శనివారం దాకా టైముంది. ఇంకేమన్నా చేసుంటే చెప్పు, అవీ నావే అంటాను.”

ప్రభుకిరణ్ కూతురి తల నిమిరాడు.

“ఇది నీ మీద వేసుకునేది కాదమ్మా,” అని భార్య వైపు తిరిగాడు. “నన్ను ఉద్యోగంలోంచి తీసేసి నెలయింది మరియా. రోజూ దుబాయ్ ఆఫీసుకని బయల్దేరి, ఇక్కడే అజ్మాన్‌లో ఒక టీ కొట్టు ముందు సాయంత్రం దాకా కార్లో కూర్చుంటున్నా.”