బిళ్ళ ఎటు పోతోంది?

బాత్‌రూములో కాలు జారకుండా గోనెపట్టా పరవాలి. గడపల దగ్గర చెప్పులు ఉంచకూడదు. కత్తిపీట అటక మీద పెట్టాలి. ఆకుకూర ఒకరోజు కుప్పగా, ఒకరోజు అసలు లేకుండా కాకుండా, మందుకు తేడా రానివ్వకూడదు కాబట్టి రోజూ ఒకేలా పెట్టాలి. తలకి చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి పరుగెత్తాలి. వీటన్నిటికంటే ముందు, రక్తం పలచబడడానికి రోజూ వేస్తున్న బిళ్ళ అమ్మ కడుపులోకి ఎందుకు పోవడం లేదో కనిపెట్టాలి.

డాక్టరు చెప్పిన పనుల్లో మణికుమార్‌ను కుదిపేసింది ఆ చివరిదే.

"నెల నుంచి వేస్తున్నామంటున్నారు. రక్తం చూస్తే ఒక్క బిళ్ళ కూడా మింగినట్టు లేదండీ," అన్నాడు డాక్టరు రిపోర్టు పక్కన పెడుతూ.

"డోసు పెంచుదామా సార్?"

"నిజంగా మింగుతుంటే పెంచాలి. మింగడం లేదని తెలియక పెంచామనుకోండి, ఆవిడ మింగడం మొదలెట్టిన రోజున అంత మందూ మీద పడుతుంది. అప్పుడు జారిపడిందంటే తలలో కారే రక్తం ఆగదు. పోనీ మానేద్దామంటే, గుండె కొట్టుకునే తీరు సరిగా లేదు. గడ్డకట్టి మెదడుకి పోయిందంటే కాలూ చెయ్యీ పడిపోతాయి. ఇచ్చినా భయమే, మానేసినా భయమే. ముందు బిళ్ళ ఎటు పోతోందో చూసి రండి. ఆ తర్వాతే పెంచడమో, మానడమో."

అమ్మ పెద్దింట్లమ్మకు మతిమరుపు జబ్బు. కొల్లేటి చేపలు గంపకెత్తుకుని బెజవాడ వీధులన్నీ తిరిగిన మనిషికి ఇప్పుడు ఇంట్లో పెరటి గుమ్మం ఎటో తెలియదు. బిళ్ళ చేతికిస్తే ఉమ్మేస్తుంది. అందుకని అన్నంలో పెట్టి ఇస్తున్నారు. ఆ పని మణికుమార్ భార్య పద్మశ్రీది.

గుణదలలో ఇంటి తాళం తీసేసరికి ఫోను మోగుతోంది. కైకలూరు నుంచి చెల్లెలు నాగమల్లేశ్వరి. డాక్టరు అన్నమాట ఆసుపత్రి నుంచే ఆమెకు చెప్పాడు.

"నేనంటే నిష్ఠూరం గానీ అన్నయ్యా, బిళ్ళలు మానిపించేద్దామని మొదట అన్నదెవరు?"

మణికుమార్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"వదినే కదా! ఆవిడ వేస్తుంటే నువ్వు ఒక్కనాడన్నా కళ్ళారా చూశావా?"

చూడలేదు. ఆటోనగర్ బ్యాంకు నుంచి అతను ఇల్లు చేరేసరికి అమ్మ భోజనం అయిపోతుంది. దీపాలు పెట్టకముందే తినడం ఆమెకు అలవాటు.

అమ్మను ఆటోలోంచి దింపి తీసుకొచ్చిన పద్మశ్రీ, వంటింట్లో చేపలు కడుగుతోంది. మణికుమార్ వెళ్ళి వెనక నిలబడ్డాడు.

"బిళ్ళ రోజూ వేస్తున్నావా?"

"వెయ్యకేం?"

"మరి రక్తంలో కనపడదేం?"

ఆమె చెయ్యి ఆగింది. "అంటే ఏంటండీ? నేను తినేస్తున్నానా?"

"పారేస్తున్నావేమో."

"ఓహో! ఫోను వచ్చిందన్నమాట కైకలూరు నుంచి." పద్మశ్రీ ఇటు తిరిగింది. "మానేద్దామన్న మాట నిజమే. ఒకే వారంలో రెండుసార్లు పడిపోయిందండీ మీ అమ్మ. లేవదీసింది నేను. నెత్తి తడిమి రక్తం వస్తోందా అని చూసుకున్నది నేను. భయమేసి అన్నాను. మీరు కాదన్నారు, వేస్తున్నాను. మీ చెల్లెలికి అంత అనుమానంగా ఉంటే వచ్చి తన చేత్తోనే పెట్టమనండి. బస్సు చార్జీ నేనిస్తా."

మాట సూటిగానే ఉంది. అయినా మణికుమార్‌కు మనసు కుదుటపడలేదు. అనుమానం గొంతులో దిగిన చేపముల్లు. ఎన్ని నీళ్ళు తాగినా కదలదు.

మర్నాడు ఒంట్లో బాగాలేదని మేనేజరుకు చెప్పి ముందే బయలుదేరాడు. స్కూటరు వీధి చివర ఆపి, చెప్పులు చేత పట్టుకుని, సొంత ఇంట్లోకి దొంగలా పెరటి వైపు నుంచి వచ్చి కిటికీ పక్కన నక్కాడు.

మంచం మీద కూర్చున్న పెద్దింట్లమ్మకు పద్మశ్రీ కంచం తెచ్చింది. ఆమె నిన్నటి చేపల పులుసులో ముళ్ళు ఏరి అన్నం కలిపింది. అట్టలోంచి బిళ్ళ తీసింది. ఒక ముద్ద చేసి, మధ్యలోకి బిళ్ళ నొక్కి, కంచం అంచున పెట్టింది.

"అత్తయ్యా, ముందిది తినండి. ఆకలి మీద చక్కగా పోతుంది."

"నువ్వెవరి పిల్లవే? మంచిదానివి."

"మీ పిల్లనే. తినండి."

లోపల కుక్కరు కూసింది. పద్మశ్రీ అటు వెళ్ళింది.

మణికుమార్‌కు ముఖం చెల్లలేదు. తిరిగి వీధిలోకి పోదామనుకున్నాడు. అంతలో పెద్దింట్లమ్మ, పక్కన పిల్లి పొంచి ఉందేమోనన్నట్టు అటూ ఇటూ చూసింది. అంచున ఉన్న ముద్దను తీసి, చెంబు మీది మూతలో పెట్టి, మంచం కిందికి తోసేసింది. మిగతా అన్నం గబగబా తినేసింది.

"అమ్మయ్య, మెతుకు మిగల్చలేదు," అంది పద్మశ్రీ వచ్చి, ఆమె చెయ్యి కడుగుతూ.

దొంగ దొరికింది! మణికుమార్ విసురుగా లోపలికి వచ్చాడు.

"అమ్మా! రోజూ ఆ ముద్ద ఎక్కడ పారేస్తున్నావ్?"

పద్మశ్రీ అతన్నీ, అతని చేతిలోని చెప్పుల్నీ, తెరిచి ఉన్న పెరటి తలుపునీ చూసింది. విషయం అర్థమై, అక్కడే నిలబడిపోయింది.

పెద్దింట్లమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"పారెయ్యడమేంట్రా! పిల్లాడు బడి నుంచి రాకుండా మొదటి ముద్ద నాకెట్టా దిగుద్ది? రా నాన్నా, నోరు తెరువు."

మంచం కిందినుంచి మూత లాగి, ముద్ద అందించింది. నెల నుంచీ రోజూ బ్యాంకు నుంచి రాగానే, పద్మశ్రీ వంటింట్లో టీ పెట్టేలోపు తెరుచుకున్నట్టే, మణికుమార్ నోరు తనంతట తనే తెరుచుకుంది.

అమ్మ చేతి ముద్దను ఎవరూ మరిచిపోరు లెండి. ఆ పక్కనే తడిచేత్తో నిలబడిపోయిన పద్మశ్రీని కూడా కాస్త గుర్తుంచుకోండి.