మొదటి గ్లాసు

ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి. చెయ్యి నెమ్మది, అందుకే చిన్నదే రాశాను.

"ఒరేయ్ ఇన్‌గ్యూ, ఇలా వచ్చి కూర్చో. ఇవాళ్టితో పెద్దవాడివయ్యావు. తాగడం తండ్రి దగ్గరే నేర్చుకోవాలి. వీధిలో నేర్చుకున్నవాడు కుక్కవుతాడు," అన్నాడు తోక్సు, నీళ్ళలా కనిపించే సోజు సారా సీసా మూత తిప్పుతూ.

"వాడికి పరీక్షలున్నాయండీ, వదిలేయండి," అంది భార్య సుక్జా.

"నువ్వూరుకోవే. మా నాన్న నాకు పోశాడు. నేను వీడికి పొయ్యొద్దూ?"

ఇన్‌గ్యు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నిన్న సాయంత్రమూ ఇలాగే కూర్చున్నాడు. మొన్నా అంతే. కొడుకు పెద్దవాడైన రోజు రెండేళ్ళుగా తోక్సుకి రోజూ కొత్తగానే వస్తోంది. ఓడల కార్ఖానాలో పని పోయాక, ఆ దిగులుతో తాగి తాగి అతని బుర్ర అక్కడే ఆగిపోయింది. కొడుకు వద్దంటే తల గోడకేసి కొట్టుకుంటాడు. "నా చేతి గ్లాసు నా కొడుక్కి పనికిరాదా!" అని ఏడుస్తాడు.

"ఆయన మెదడు ఇక తిరిగి రాదమ్మా," అన్నాడు డాక్టరు ఆ ఉదయమే. "మీవాడిది ఇంకా లేతది. ఆ వయసులో, అందులోనూ చదువు ఒత్తిడిలో, మందు తొందరగా పట్టేసుకుంటుంది. కనీసం వాణ్ణయినా కాపాడుకోండి."

అందుకే సుక్జా సీసాలో ఉన్నది పారబోసి మంచినీళ్ళు నింపింది.

తోక్సు పోశాడు. "రెండు చేతులతో పట్టుకో. మొహం పక్కకి తిప్పి తాగు. పెద్దల ముందు అదీ మర్యాద." తనూ ఒక గ్లాసు గొంతులో ఒంపుకుని, మూతి తుడుచుకున్నాడు. "అబ్బ, ఏం ఘాటు!"

సుక్జాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇన్‌గ్యు మొహం తిప్పి తాగాడు. గుటక మధ్యలో ఆగి తల్లి వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే బతిమాలింది.

"బావుంది నాన్నా," అన్నాడు వాడు.

నా బంగారుతండ్రి, అనుకుంది సుక్జా. చాలా రోజుల తర్వాత గుండె తేలికపడింది.

తోక్సు గోడకి ఆనుకుని కునుకు తీశాడు. ఆమె గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్తే కొడుకు వెనకే వచ్చాడు. చేతులు చంకల్లో దాచుకున్నాడు గానీ, భుజాలు వణుకుతున్నాయి.

"మంచి ఉపాయమేనమ్మా. నాన్నకి రోజూ అలాగే కానియ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "నాది ఎక్కడ దాచావు?"

పే మల్సున్, ఎనభై ఒకటి, ఇప్పుడుండేది థోంగ్యోంగ్‌లో.