రెండో సీసా

2004లో నర్సీపట్నంలోని ఆ బారు ముందు హ్యాపీ అవర్ బోర్డు వేలాడుతుండేది. సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి దాకా ఒక బీరు కొంటే రెండోది ఉచితం. రెండోది మూత తీసే ఇస్తారు. ఇంటికి పట్టుకుపోవడానికి లేదు. కాబట్టి ఎవరూ వదిలిపెట్టరు.

బడి వదలగానే మంగరాజు మాస్టారు వచ్చేవారు. చొక్కా మీద సుద్దపొడి అలాగే ఉండేది. ఆయన ఏమీ కొనేవారు కాదు. ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడిగేవారు.

“బాబూ, ఆ రెండోది నాకిచ్చేస్తారా?”

కొందరు నవ్వేవారు. కొందరు తల దించుకునేవారు. మొత్తానికి ఇచ్చేసేవారు. ఊరికే వచ్చిందే కదా.

మాస్టారు దాన్ని గ్లాసులో పోసుకునేవారు కాదు. సీసాతో పెరట్లోకి వెళ్ళి, ఖాళీ సీసాతో తిరిగొచ్చేవారు. తర్వాత ఇంకో బల్ల.

పెరట్లోకి ఎందుకు వెళ్తారో వడ్డించే సింగన్నకి తెలుసు. శిష్యుల ముందు తాగాలంటే సిగ్గు. సింగన్న కూడా శిష్యుడే. ఏడో తరగతిలో లెక్క తప్పినప్పుడల్లా ఆయన గుమ్మం బయట నిలబెట్టేవారు. అలాంటి మనిషి, పోయినేడు భార్య వెంకటదుర్గ గారు పోయాక ఇలా అయిపోయారు. ఇప్పుడు బడిపిల్లలు కూడా చాటున బీరు మాస్టారు అంటున్నారు.

అడగడంలోనూ ఆయనకి ఒక పట్టింపు ఉండేది. బల్ల మీద బండి తాళం కనిపిస్తేనే వెళ్ళేవారు. జీడిపిక్కల బట్టీలో పనిచేసేవాళ్ళు నడుచుకుంటూ వచ్చి, జాలిపడి, తమ సీసా తీసుకోమని పిలిచేవారు. మాస్టారు “మీరు కానివ్వండి నాయనా” అనేసి ముందుకెళ్ళిపోయేవారు. ముష్టికి కూడా డబ్బున్నవాళ్ళే కావాలి కాబోలని సింగన్న మనసు నొచ్చుకునేది.

చివరికి ఒకనాటి మధ్యాహ్నం ఓనరు బంగారురాజు సింగన్నని పిలిచాడు.

“ఇయ్యాల్టి నుంచి ఆ మేస్టారు మన గుమ్మం తొక్కకూడదు. నీ గురువే కదేటి, నువ్వే సెప్పు. సెప్పనేకపోతే నువ్వూ ఎల్లిపో.”

సింగన్నకి ఇంకో పని దొరకదు. సాయంత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మాస్టారు వచ్చారు. న్యూస్‌పేపరులో చుట్టిన సీసా ఒకటి ముందుకు చాపాడు.

“లోపలికి ఒద్దండి మేస్టారూ. ఓనరు ఒప్పుకోట్లేదు. ఇది నా డబ్బుల్తో కొన్నాను. ఇంటికాడ తాగండి, ఎవులూ సూడరు.”

మాస్టారు కోప్పడలేదు. పొట్లం అందుకోలేదు. సింగన్న భుజం మీదుగా లోపలికి చూశారు. కిటికీ పక్కన నాగబాబు అనే ఆసామి మొదటి సీసా ముగించి, రెండోదాని కోసం చెయ్యెత్తాడు. ఎదురుగా బల్ల మీద అతని జీపు తాళం ఉంది. చీకటి పడేలోగా అతను రావికమతం చేరాలి.

“నేను తాగనురా,” అన్నారు మాస్టారు, హాజరు పిలిచినంత మామూలుగా, “ఆ రెండోది అతనికి ఇవ్వకు, మా దుర్గని గుద్దేసిన జీపాయన కూడా కొన్నది ఒక్కటేనట.”