నేరేడుపండ్ల కబురు

ఎండలు ముదిరేసరికి అడవిలో కోతులకు బొచ్చు రాలిపోసాగింది. నేరేడుపండ్లు తింటే తిరిగి మొలుస్తుందేమో కనుక్కుందామని ఏదుపంది సగం కోతులను రోజూ వాటిని తినమంది, తక్కిన సగాన్ని వాటి జోలికి పోవద్దంది. అన్నీ బుద్ధిగా తలలూపాయి.

తొలకరి వానలు పడ్డాక కోతులన్నిటికీ బొచ్చు మొలిచింది. ఏదుపంది నోళ్లు తెరిపించి చూస్తే, తినొద్దన్న కోతుల నాలుకలు కూడా ఊదారంగులోనే ఉన్నాయి.

"ఇది పండు మహిమో, వాన మహిమో ఎలా చెప్పను?" అని అది తల పట్టుకుంది.

కొమ్మ మీది గోరింక "పండు మహిమ" అన్నంత వరకే విని ఎగిరిపోయింది. "నేరేడు తింటే బోడితల మీద బొచ్చు" అని అడవంతా చాటింది.

బుద్ధెరిగినప్పటి నుంచీ బోడితలతోనే తిరుగుతున్న ముసలి రాబందు ఆ కబురు విని మురిసిపోయింది. మాంసం మానేసి పగలంతా నేరేడుపండ్లే మింగింది. కొన్నాళ్లకు నీరసించి ఏదుపంది బొరియ ముందు కూలబడింది.

"తల మీద ఏమైనా కనిపిస్తోందా తల్లీ?"

"లేదు తాతా. నాకే ఇంకా ఏమీ తేలలేదు" అంది ఏదుపంది. గోరింకను పిలిచి, ఆ మాటే అందరికీ చెప్పి రమ్మంది.

"తేలలేదంటే ఎవరు వింటారక్కా?" అంది గోరింక.

"నేను వింటానమ్మా" అంది రాబందు. "వినగానే వెళ్లి భోంచేస్తాను."

గోరింక సిగ్గుపడి, పైకొమ్మ ఎక్కి గట్టిగా చాటింది. కోతులు తలెత్తి కూడా చూడలేదు. రాబందు మాత్రం చివరి మాట దాకా విని, రెక్కలు దులుపుకుని భోజనానికి బయలుదేరింది.