తుమ్మగుంట పిలుపు

తుమ్మగుంటలో ఉండే కప్పలు కొన్నే. పొద్దుగూకగానే ముసలికప్ప చుక్కవ్వ ఒక్కో కప్పనీ పేరుపెట్టి పిలిచేది. పిలిచిన కప్ప "ఉన్నా!" అనాలి. ఏ ఒక్కటి పలకకపోయినా మిగతావన్నీ గట్టంతా వెతికాకే నిద్రపోయేవి.

ఒక ఏడు కుండపోతగా వాన కురిసింది. పక్కనున్న పెద్దచెరువు పొంగి గుంటను తనలో కలిపేసుకుంది. పిల్లకప్పలు సంబరపడ్డాయి. ఇక ఎండాకాలంలో కూడా బోలెడు నీళ్లు!

ఆ సాయంత్రం చుక్కవ్వ పేర్లు మొదలుపెట్టగానే చెరువుకి పెద్ద అయిన బోదురుకప్ప, బోదురయ్య, పకపకా నవ్వాడు.

"ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలుస్తూ కూర్చుంటే తెల్లారిపోదూ అవ్వా? మీ ఆచారం ఎక్కడికీ పోదులే. 'తుమ్మగుంటా!' అని రోజూ నేనే పిలుస్తా. అందరూ ఒక్కసారే పలకండి."

"ఎవరు పలకలేదో ఎలా తెలుస్తుంది నాయనా?" అంది చుక్కవ్వ.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పిలుపు బాగుందని చెరువు కప్పలు కూడా గొంతు కలిపాయి. "ఉన్నాం!" అంటూ చెరువు హోరెత్తిపోయింది. ఆ హోరులో చుక్కవ్వ తనవాళ్ల పేర్లు పిలుస్తూనే ఉండేది. ఎవరి గొంతూ విడిగా వినపడేది కాదు.

ఆ చెరువులో ఉండే నీటిపాముకి అదే కలిసొచ్చింది. కొత్త లోతుల్లో తడబడే గుంటకప్పల్ని ఒక్కొక్కటిగా మింగింది. హోరు మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. చివరికి చుక్కవ్వ ఒక్కతే మిగిలింది. ఒక మధ్యాహ్నం పాము ఆమెనూ మింగేసింది.

ఆ సాయంత్రం కూడా బోదురయ్య గొంతు సవరించుకుని పిలిచాడు.

"తుమ్మగుంటా!"

"ఉన్నాం!" అంది చెరువంతా.