అడుగు గది తలుపు

చేపలకు నెలవుగా ఉంటుందని ఆ పాత ఓడను మధ్యాహ్నం సముద్రంలో ముంచేశారు. ముంచేముందు గదులన్నీ చూసే పని, ముప్పై ఏళ్లు అందులోనే పనిచేసిన ఇంజను మేస్త్రీది. మోకాళ్ల నొప్పితో అట్టడుగు గదికి మాత్రం దిగలేదు. మెట్ల మీంచే "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి, బదులు రాకపోయేసరికి సంతకం పెట్టేశాడు.

చీకటి పడ్డాక పడవలో కూర్చుని, ఓడను చూసి రావడానికి నీళ్లలోకి దిగిన డైవరు బావమరిదితో, అతని ముసుగుకు తీగతో కలిపిన ఫోనులో మేస్త్రీ మాట్లాడుతున్నాడు.

"బావా, అడుగున ఒక తలుపు మూసే ఉంది. లోపల్నుంచి ఎవరో తడుతున్నారు."

మేస్త్రీ ఫోను చెవికి అదిమిపట్టాడు. ఆ చప్పుడు ఫోనులో తనకీ వినిపిస్తోంది, మెల్లగా, ఓపిగ్గా.

"నువ్వు దిగి చూశావుగా, బావా?"

ఆ నాలుగు మెట్లూ దిగి ఉంటే ఎంత బాగుండేది!

"చూశానురా. ఎవరూ లేరు. పైకొచ్చెయ్."

ఆ మాటతో తట్టడం ఆగిపోయింది.